అగ్ని నక్షత్రం రాకముందే: ఎంఎస్ ఉండి యోగా చేసేవాళ్ళకు జాగ్రత్తలు

చెన్నైలో మే మొదటి వారంలో అగ్ని నక్షత్రం మొదలవుతుంది. ఎండలు బాగా మండే ఈ రోజుల్ని ఇక్కడివాళ్ళు కత్తిరి వెయిల్ అంటారు. మన కార్తెల లెక్కలో భరణి సగంలో మొదలై కృత్తిక దాటి రోహిణి దాకా, మూడు వారాలకు పైనే ఉంటుంది. మల్టిపుల్ స్క్లెరోసిస్ (ఎంఎస్ అనే నరాల జబ్బు) ఉండి యోగా చేసేవాళ్ళు ఏప్రిల్‌లోనే పద్ధతి మార్చుకోవడం మంచిది. ఆ ఎండల్లో ఆసనం కన్నా ఒంటి వేడికే ఎక్కువ భయపడాలి.

ఎంఎస్‌లో నరాల చుట్టూ ఉండే మైలిన్ పొర దెబ్బతింటుంది. అలాంటి చోట ఒళ్ళు అర డిగ్రీ వేడెక్కినా సంకేతాలు సరిగా పోవు. చూపు మసకబారుతుంది, కాళ్ళు బరువెక్కుతాయి, అడుగు తడబడుతుంది. జర్మన్ కంటి డాక్టర్ విల్హెల్మ్ ఊట్‌హాఫ్ 1890లోనే దీన్ని గుర్తించి రాశారు. ఒళ్ళు చల్లబడితే తగ్గిపోతుంది, జబ్బు ముదిరినట్టు కాదు. కానీ ఆ కాసేపట్లోనే పడిపోయే ప్రమాదం ఉంది.

పైగా చెన్నై ఉక్కకి చెమట ఆరదు. ఆరితేనే కదా ఒళ్ళు చల్లబడేది! అందుకే "చెమట పట్టాలి, ఫ్యాన్ ఆపండి" అనే మాస్టారి దగ్గర మొహమాటపడకండి. ఫ్యాన్ ఉండాల్సిందే, ఏసీ ఉంటే మరీ మంచిది. తెల్లవారుజామునే ముగించండి. మొదలుపెట్టే ముందు గ్లాసుడు చల్లటి నీళ్ళు తాగి, మెడ మీద తడి తుండు వేసుకోండి. మధ్యమధ్య గుక్కెడు తాగుతూ ఉండండి. మాటిమాటికీ బాత్రూంకి పరిగెత్తాల్సి వస్తుందని చాలామంది నీళ్ళు మానేస్తారు. అది వద్దు, చాపే బాత్రూంకి దగ్గరగా పరుచుకోండి.

మేడ మీద చేసే అలవాటుంటే మానుకోండి. ఇక్కడి డాబా గచ్చు పొద్దు గుంకాక కూడా సెగ కక్కుతూనే ఉంటుంది. పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్ళకు అరికాలు కాలుతున్నా తెలియదు, బొబ్బ లేచాకే చూసుకుంటారు.

వరసపెట్టి సూర్య నమస్కారాలు, వేగంగా ఊపిరి ఆడించే భస్త్రిక, కపాలభాతి ఈ ఎండలు తగ్గేదాకా పక్కన పెట్టండి. నాలుక చుట్టి గాలి పీల్చే శీతలి ప్రాణాయామం హాయిగా అనిపిస్తే చేయండి గానీ, దాన్ని నమ్ముకుని ఫ్యాన్ ఆపకండి. ఒంటికాలి మీద నిలబడే వృక్షాసనం గోడ పక్కనే, కళ్ళు తెరిచి చేయాలి. పాదం ఎక్కడుందో తెలియనప్పుడు కళ్ళే ఆసరా. తల వంచగానే వెన్నులో కరెంటు షాక్ కొట్టినట్టు జిల్లుమంటే మెడ బాగా వంగే హలాసనం, సర్వాంగాసనం వద్దు, డాక్టరుకు చెప్పండి. బిగుసుకున్న కాలిని ఒక్కసారిగా గుంజితే ఇంకా బిగుస్తుంది, మెల్లగా సాగదీసి ఆపి ఉంచండి. కుర్చీలో కూర్చుని చేసినా యోగానే, కాకపోతే చక్రాలు లేని కుర్చీని గోడకు ఆనించి వేసుకోండి.

జ్వరం, మూత్రంలో మంట ఉన్న రోజు యోగా వద్దు. ఇన్ఫెక్షన్ కూడా లక్షణాలను పెంచుతుంది, ముందు డాక్టరుకు చూపించుకోండి. చల్లబడి, విశ్రాంతి తీసుకున్నాక కూడా ఇబ్బంది 24 గంటలు దాటితే న్యూరాలజిస్టుకు ఫోన్ చేయండి. చూపు పోయినా, కాలో చెయ్యో పడిపోయినా అంతసేపు కూడా ఆగొద్దు. యోగాతో తగ్గిపోతుందని ఎవరు చెప్పినా మందులు మాత్రం ఆపకండి.