చీకటి పడ్డాక గుర్రపు స్వారీ: తిరుపతి చుట్టుపక్కల వాళ్ళకి

ఏప్రిల్, మే నెలల్లో మన తిరుపతి ఎండ 40 డిగ్రీలు దాటుతుంది కాబట్టి, గుర్రం నేర్చుకుంటున్నవాళ్ళు పొద్దుగూకాక పోదామా అని అడగడం మామూలే. పోవచ్చు. కాకపోతే చీకట్లో మీకన్నా గుర్రానికే బాగా కనిపిస్తుంది, దాని చూపు మీరు చెడగొట్టకపోతే చాలు, సగం పని అయినట్టే.

దాని కంటి లోపల వెనకవైపు మెరిసే పొర ఒకటి ఉంటుంది, కంట్లోకి వచ్చిన కాస్త వెలుతురునీ రెండోసారి వాడుకునేలా చేస్తుంది. టార్చి వేస్తే కళ్ళు మెరిసేది దానివల్లే. అయితే వెలుతురులోంచి చీకట్లోకి వచ్చాక కుదురుకోవడానికి గుర్రానికి మనకంటే ఎక్కువసేపు పడుతుంది, అరగంట పైనే అనుకోండి. ట్యూబ్‌లైటు వెలుగుతున్న షెడ్డులో జీను బిగించి నేరుగా బయటికి తోలితే గేటు దగ్గరే మొరాయిస్తుంది. 'మొండిదన్నా ఇది' అని కొరడా తీసేవాళ్ళున్నారు, పాపం దానికేమో ఏమీ కనబడక ఆగింది. పొద్దుండగానే జీను కట్టి, ఆరుబయట నిలబెట్టి, దాని కళ్ళముందే చీకటి పడనివ్వండి. తలకి కట్టుకునే లైటు దగ్గరుంచుకోండి కానీ దారిపొడవునా వెలిగించకండి, ఆ వెలుగు పడినంత మేరే కనిపించి పక్కనున్న నీడలన్నీ గుంతల్లా తోస్తాయి. జీను పట్టీ సరిచూసుకోవడానికో, ఇంకేదైనా అవసరానికో అయితే ఎర్ర లైటు వాడండి, అది కళ్ళని అంతగా పాడుచేయదు.

రోజు ఎంచుకోవడానికి గోడమీది క్యాలెండర్ చాలు. శుక్ల దశమి నుంచి పున్నమి దాకా పొద్దుగూకేసరికే చంద్రుడు పైన ఉంటాడు, లేదంటే అప్పుడే వస్తుంటాడు. పున్నమి దాటితే రోజుకి ముప్పావుగంటకి పైగా ఆలస్యం. సంకటహర చవితి ఉపవాసం ఉండేవాళ్ళని అడగండి, చంద్రుడి కోసం ఎంతసేపు కాచుకోవాలో చెబుతారు.

ఎక్కడికి అనేది అసలు విషయం. శేషాచలం వైపు వద్దు. అలిపిరి, కపిలతీర్థం వెనక కొండంతా అడవే, చిరుతలున్నాయి, అనుమతి లేకుండా పోకూడదు కూడా. పలమనేరు, కుప్పం వైపువాళ్ళు రాత్రి స్వారీ మాటే మర్చిపోండి, కౌండిన్య అడవిలోంచి ఏనుగులు పంటల మీదికి దిగేది రాత్రిపూటే. మిగిలింది పల్లెల మట్టిరోడ్లు, తెలిసినవాళ్ళ తోటలు. స్వర్ణముఖి ఇసుక బాగుంటుంది కదా అంటారేమో, ఇసుక తవ్విన గుంతలున్న చోట చీకట్లో అడుగు పెట్టకండి.

ఏ దారైనా సరే, ముందు పగలు అదే గుర్రం మీద పోయి రండి, రెండు వైపుల నుంచీ. పోయేటప్పుడు చూసిన రాయే వచ్చేటప్పుడు గుర్రానికి కొత్తగా కనిపిస్తుంది, బెదురుతుంది. ఆ పగటి చూపులో మూడు వెతకండి: గట్టు లేని నేలబావి, మామిడితోటలో కిందికి వాలిన కొమ్మలు (కాపు మీదున్న తోతాపురి కొమ్మ సరిగ్గా మన మొహం ఎత్తులో వేలాడుతుంది), చెరకు, వేరుశెనగ చేల చుట్టూ అడవిపందుల కోసం లాగిన తీగ. ఈ తీగే అన్నిటికన్నా భయం. కొందరు దొంగతనంగా కరెంటు పెడతారు, నేలకి మూరెడెత్తులో ఉంటుంది, గుర్రానికీ కనబడదు. పగలు కనిపించలేదని నమ్మకండి, రాత్రికి కడతారు. కాబట్టి చేను యజమానిని అడగాల్సిందే. 'యాడికి సామీ ఈయేళప్పుడు?' అని నవ్వినా పర్వాలేదు, తీగ ఉందో లేదో చెబుతాడు కదా.

పెళ్ళి ఊరేగింపులకి తిరిగే గుర్రం దొరికితే, డప్పులకే బెదరనిది చీకటికి బెదురుతుందా అనుకోకండి. బ్రహ్మోత్సవాల్లో వాహనం ముందు నడిచే గుర్రాల్ని చూసి కూడా ఇలాగే అనుకుంటాం, మాడ వీధులు ఆ రాత్రి పగల్లా వెలుగుతుంటాయని మర్చిపోతాం. ఊరి బయట చీకట్లో దాన్ని ఎప్పుడైనా తిప్పారా అని కాపరిని సూటిగా అడగండి.

స్వారీ హెల్మెట్, మడమ ఉన్న బూట్లు తప్పనిసరి, మడమ లేకపోతే కాలు రికాబులోంచి (జీనుకి వేలాడే, పాదం పెట్టుకునే కడియం) అవతలికి జారి ఇరుక్కుంటుంది. ఫోన్ జీను సంచిలో కాకుండా మీ ఒంటిమీదే ఉండాలి, మిమ్మల్ని పడేసి గుర్రం పారిపోతే ఫోన్ కూడా దానితోనే పోతుంది. బైకులకి స్టిక్కరింగ్ చేసే షాపులో రేడియం టేపు దొరుకుతుంది, బట్ట పట్టీల మీద అంటించి నాలుగు కాళ్ళకీ కట్టండి. కదిలే కాళ్ళు మెరిస్తే డ్రైవర్ తొందరగా పసిగడతాడు. వెనక్కి కనబడేలా చిన్న ఎర్ర లైటు ఒకటి.

ఎక్కాక కొద్దిదూరం పోయి జీను పట్టీ మళ్ళీ బిగించండి, కట్టేటప్పుడు కొన్ని గుర్రాలు పొట్ట ఉబ్బించి మోసం చేస్తాయి. ఇక నడకే, దౌడు వద్దు. పగ్గాలు కాస్త వదులుగా పట్టుకోండి, తల దించి నేల చూసుకోనివ్వండి. చెవులు గమనించండి, రెండూ ఒకవైపు నిక్కి ఆగిపోయిందంటే అక్కడ ఏదో ఉంది, కుక్క కావచ్చు, పాము కావచ్చు, తోలకుండా ఒక నిమిషం ఆగండి.

ఎదురుగా బండి వస్తే ముందే వెడల్పున్న చోట పక్కకి దిగి నిలబడండి, మీ ఒక కన్ను మూసుకోండి, బండి పోయాక ఆ కంటితో చీకట్లో దారి కనిపిస్తుంది. ఒంటి లైటు వస్తోందంటే బైకే అనుకోవద్దు, చెరకు వేసుకొస్తున్న ట్రాక్టర్‌కి రెండోది వెలగడం లేదేమో, దానికీ చాలినంత చోటు వదలండి.

తిరిగొచ్చేటప్పుడు గుర్రం ఇంటి తొందరలో వేగం పెంచుతుంది, చివరి కిలోమీటరు దిగి నడిపించుకు వస్తే దాని ఒళ్ళూ చల్లబడుతుంది. నీళ్ళు పెట్టి, వీపు రుద్ది, ఫోన్ లైటు వేసి నాలుగు గిట్టలూ ఎత్తి చూడండి. లాడం సందులో కంపముల్లు ఇరుక్కుని ఉంటే పొద్దున్నే కుంటుతుంది, అప్పుడు కాపరి తిట్టేది మిమ్మల్నే.