మీ ఇంటి వీడియో గేమ్ జ్ఞాపకాలు పోకుండా రాసి పెట్టుకోవడం ఎలా

మారియో, కాంట్రా ఎక్కడికీ పోవు, ఇవాళ ఫోన్లో కూడా ఆడుకోవచ్చు. పోయేది ఏంటంటే రెండో రిమోట్ ఎవరు పట్టుకునేవాళ్ళు, క్యాసెట్ ఎవరింట్లో అడిగి తెచ్చుకునేవాళ్ళు, నాన్న వార్తల టైంకి వస్తే ఎవరు ముందు లేచేవాళ్ళు అనేది. అది మీకూ మీ అన్నయ్యకీ మీ మావయ్య పిల్లలకీ తప్ప ఇంకెక్కడా లేదు, అందుకే రాసి పెట్టుకోమంటున్నా. మాది గుంటూరు బ్రాడీపేట, సెలవులొస్తే విజయవాడ సత్యనారాయణపురంలో పెద్దమ్మ వాళ్ళింట్లోనే ఉండేవాళ్ళం, మా ఆటంతా అక్కడే. మేం చేసిన పద్ధతి చెప్తా.

ముందు పాత టీవీ గేమ్ సెట్టు బయటికి తియ్యండి. ఊరికే కూర్చోబెట్టి గుర్తుందా అని అడిగితే "ఆ, ఆడేవాళ్ళంలే" అంటారు, అంతే. అదే రిమోట్ చేతికిస్తే వేళ్ళకే గుర్తొచ్చేద్ది. మన దగ్గర అమ్మిన టీవీ గేమ్‌లు చాలావరకు నింటెండో కంపెనీ 1983 జులైలో జపాన్‌లో తెచ్చిన ఫామికామ్ అనే సెట్టుకి కాపీలు, ఆ క్యాసెట్‌కి 60 పిన్నులు, అదే సెట్టు అమెరికా రకం ఎన్ఈఎస్ క్యాసెట్‌కి 72, అందుకని ఆన్‌లైన్లో ఏదో ఒకటి చూసి కొనేస్తే పట్టదు. అడాప్టర్ పోయి ఉంటే సెట్టు వెనక రాసిన వోల్టులు, ప్లస్ మైనస్ గుర్తు రెండూ చూసి అలాంటిదే కొనండి, పిన్ను పట్టింది కదా అని పెట్టేస్తే సెట్టు కాలిపోవచ్చు. క్యాసెట్‌లోకి నోటితో ఊదొద్దు, మనమంతా ఊదాం గానీ ఊపిరిలో తడికి పిన్నులు పాడవుతాయి. మెడికల్ షాపులో ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తెచ్చి చెవి పుల్లతో తుడిచి బాగా ఆరాక పెట్టండి.

కొత్త టీవీకి పాత రకం ఏవీ (AV) పిన్నులు లేకపోతే AV నుంచి హెచ్‌డీఎంఐకి మార్చే చిన్న డబ్బా దొరుకుద్ది. కానీ బాతుల గేమ్ మాత్రం దాంట్లో ఆడలేరు. 1984లో వచ్చిన డక్ హంట్ అది, టీవీ వైపు గురిపెట్టిన గన్ ట్రిగ్గర్ నొక్కగానే స్క్రీన్ ఒక్క క్షణం నల్లగా అయ్యి బాతు ఉన్న చోట తెల్ల గడి వస్తది, గన్‌లో ఉన్న సెన్సర్ ఆ వెలుగుని పట్టుకుంటది, ఇదంతా పాత డబ్బా టీవీల పిక్చర్ ట్యూబ్ టైమింగ్ మీద నడిచేది, ఎల్‌సీడీలో బొమ్మ ఆలస్యంగా వస్తది కాబట్టి కుదరదు. మీ పేటలో పాత టీవీలు రిపేరు చేసే పెద్దాయన ఎవరన్నా ఉంటే డబ్బా టీవీ కోసం అడిగి చూడండి.

ఇప్పుడు మనుషులు. ఎవరితో ఆడారో వాళ్ళనే పిలవండి, ఊళ్ళో లేకపోతే వీడియో కాల్. రోహిణి కార్తెకి రోళ్ళు పగిలే ఎండ మనది, పదకొండు దాటితే బయటికి పంపేవాళ్ళు కాదు, అందుకే ఈ ఆటలన్నీ ఎండాకాలంతోనే ముడిపడి ఉంటాయి, సెలవులకి ఎవరెవరు వచ్చేవాళ్ళు అని మొదలుపెడితే తీగ లాగినట్టు వస్తాయి. కరెంటు కోతల గురించి అడగండి, మారియోలో సేవ్ ఉండదు కదా, ఎనిమిదో వరల్డ్ దాకా వెళ్ళాక కరెంటు పోతే మళ్ళీ మొదటి నుంచే. కోడ్ నీకెవరు చెప్పారు అని తప్పకుండా అడగండి. పైకి పైకి కిందకి కిందకి ఎడమ కుడి ఎడమ కుడి బి ఎ, కాంట్రాలో 30 లైఫ్‌లు. దాన్ని మొదట 1986లో గ్రాడియస్ అనే గేమ్ కోసం కోనామీ కంపెనీలో కజుహిసా హషిమోటో పెట్టాడు, గేమ్ మరీ కష్టంగా ఉండి టెస్ట్ చెయ్యడానికి. జపాన్ నుంచి సత్యనారాయణపురం దాకా ఇంటర్నెట్ లేకుండా ఒకరి నోటి నుంచి ఒకరికి వచ్చింది, మీకు చెప్పినవాళ్ళ పేరు మీ కాగితంలో ఉండాలి.

కాంట్రాలో జలపాతం స్టేజి ఉంటది చూడండి, స్క్రీన్ పైకి వెళ్తూ ఉంటది, ఒకడు గబగబా ఎక్కేస్తే కింద ఉన్నోడు చచ్చిపోతాడు. మా అన్నయ్య ఎప్పుడూ ఒక మెట్టు మీద ఆగేవాడు నేను ఎక్కేదాకా. చిన్నోడినని ఆగాడనే నేను ఇన్నేళ్ళూ అనుకున్నా. మొన్న పూణే నుంచి వచ్చినప్పుడు ఆడించి అడిగితే, "ఒక్కడినే బాస్ దగ్గరికి వెళ్ళాలంటే భయంరా, నువ్వు పక్కనుంటే ధైర్యంగా ఉండేది" అన్నాడు. ఇలా రెండు రకాలుగా వచ్చినప్పుడు ఏది నిజం అని వాదించుకోకుండా రెండూ రాయండి, ఇద్దరి పేర్లతో.

అమ్మావాళ్ళని వదిలెయ్యకండి. సెట్టు ఎక్కడ కొన్నారు, ఎంతకి కొన్నారు, ఎవరు ఒప్పుకోలేదు, ఇవి వాళ్ళకే తెలుసు. బీసెంట్ రోడ్‌లో బేరమాడిన సంగతి మా పెద్దమ్మ చెప్తేనే తెలిసింది మాకు. ఏ సంవత్సరమో తేలకపోతే పుష్కరాలు పట్టుకోండి, కృష్ణా పుష్కరాలు 1992, 2004, 2016, వాటికి ముందా తర్వాతా అంటే ఇట్టే చెప్పేస్తారు.

గేమ్ పేర్లు మీ వీధిలో ఎలా పిలిచారో అలాగే రాసి పక్కన అసలు పేరు పెట్టండి, లేకపోతే పిల్లలు వెతుక్కోలేరు. ముస్తఫా అంటే క్యాప్‌కామ్ 1993లో తెచ్చిన కాడిలాక్స్ అండ్ డైనోసార్స్, ట్యాంకుల గేమ్ అంటే నామ్‌కో 1985 బ్యాటిల్ సిటీ. ట్యాంకుల దాంట్లో కన్‌స్ట్రక్షన్ అని ఉంటది, మన స్టేజి మనమే కట్టుకోవచ్చు, చిన్నప్పుడు మనం కాపాడాల్సిన గద్ద బొమ్మ చుట్టూ ఎలా గోడ కట్టేవాళ్ళో అలా కట్టించి ఫోటో తియ్యండి, సెట్టు ఆపితే పోద్ది అది. కాయిన్ వేసి ఆడిన షాపు ఉంటే అక్కడికీ వెళ్ళిరండి, అరండల్‌పేటలో మేం ఆడిన చోట ఇప్పుడు మొబైల్ షాపు ఉంది, అయినా ఆ మెట్ల మీద నిలబడితే ఇంకో నలుగురి పేర్లు గుర్తొచ్చాయి. మీది నెట్ సెంటర్ తరం అయితే వైస్ సిటీ గేమ్ చీట్ కోడ్‌లు రాసుకున్న నోట్‌బుక్ పేజీ వెతికి ఫోటో తీసుకోండి.

రికార్డింగ్‌కి ఫోన్ చాలు, మొహం ముందు పెట్టకుండా టీపాయ్ మీద పెట్టేసి ఆట మొదలుపెట్టండి, కాసేపటికి దాని సంగతే మర్చిపోతారు. వారంలోపే కూర్చుని వాళ్ళ మాటల్లోనే రాయండి, ఫైల్‌కి మనిషి పేరు, తేదీ పెట్టి రెండు చోట్ల దాచండి, ఒక ప్రింటు తీసి అందరికీ ఇవ్వండి.

పని అయ్యాక సెట్టు మళ్ళీ అటక మీదకి ఎక్కించకండి, స్లాబు వేడికి ప్లాస్టిక్ పాడవుద్ది. అడాప్టర్ విడిగా తీసి, వైర్లు మెలిపెట్టకుండా చుట్టి, చెప్పుల డబ్బాల్లో వచ్చే సిలికా పొట్లాలు రెండు వేసి బీరువా కింది అరలో పెట్టండి, పిల్లలు అడిగితే తియ్యడానికి అందుబాటులో ఉంటది.