సిప్రో మీద యూవీ కొట్టి చూడాలంటే

ప్రాజెక్ట్‌కి యాంటీబయాటిక్ ఫొటోలిసిస్ (లైట్‌తో మందుని విరగ్గొట్టడం) తీసుకున్నారా, అయితే సిప్రోఫ్లాక్ససిన్‌తో మొదలుపెట్టండి. పటాన్‌చెరు దగ్గర ట్రీట్‌మెంట్ ప్లాంట్ నుంచి బయటికొచ్చే నీళ్ళలో ఇది లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా ఉందని 2007లో పేపర్ వచ్చింది కాబట్టి వైవాలో ఈ మందే ఎందుకని అడిగినా జవాబు రెడీగా ఉంటుంది.

సిప్రో హైడ్రోక్లోరైడ్ సాల్ట్ 10 మిల్లీగ్రాములు 100 ఎంఎల్ నీళ్ళలో కరిగించి, అందులోంచి 10 ఎంఎల్ తీసి పీహెచ్ 7 బఫర్‌తో (పీహెచ్ మారకుండా ఉంచే ద్రావణం) 100 ఎంఎల్ చేయండి. యాసిడ్‌లో చేస్తే చాలా నిదానంగా విరుగుతుంది, ఓపిక పోతుంది.

ఇప్పుడు నేను చేసిన తప్పు చెప్తా. యూవీ లాంప్ పక్కన మామూలు గ్లాస్ బీకర్ పెట్టి పొద్దుట్నుంచి మధ్యాహ్నం దాకా కూర్చున్నా, రీడింగ్ కదిలితే ఒట్టు! 254 నానోమీటర్ల లైట్‌ని ఆ గ్లాసే మింగేస్తుంది మరి. ఆ లైట్‌ని పోనిచ్చే క్వార్ట్జ్ గిన్నె లేకపోతే మూతలేని పెట్రీ డిష్‌లో పోసి లాంప్ పైనుంచి పడేలా పెట్టండి, చాలు. ఆవిరైన నీళ్ళ లెక్క మాత్రం చూసుకోండి, లేకపోతే మందు తగ్గనట్టే కనిపిస్తుంది.

లాంప్ పావుగంట ముందే వేసి ఉంచి, 0, 5, 10, 20, 30, 60 నిమిషాలకి 2 ఎంఎల్ చొప్పున తీసి ఫాయిల్ చుట్టిన వయల్స్‌లో పెట్టండి. ఇంకో డిష్‌ని పూర్తిగా ఫాయిల్‌తో కప్పి అదే లాంప్ కింద పెట్టాలి, అది డార్క్ కంట్రోల్ (లైట్ తగలకుండానే మందు తగ్గుతుందేమో చూడటానికి), చాలామంది ఎగ్గొట్టేది ఇదే.

స్పెక్ట్రోఫొటోమీటర్‌లో (ఏ లైట్‌ని ఎంత పీలుస్తుందో కొలిచే మెషీన్) 277 నానోమీటర్ల దగ్గర పీక్ తగ్గింది కదా అని వెంటనే సంబరపడొద్దు, తగ్గలేదని ఏడవొద్దు కూడా. యూవీ తగిలితే మందు అణువులోని పిపరజీన్ రింగ్ విరగడం, ఫ్లోరిన్ ఊడి దాని ప్లేస్‌లో ఓహెచ్ చేరడం జరుగుతాయి గానీ క్వినొలోన్ రింగ్ చాలావాటిలో అలాగే మిగులుతుంది, ఆ ముక్కలూ దాదాపు అక్కడే లైట్ పీలుస్తాయి. అందుకే హెచ్‌పీఎల్‌సీ (మందునీ ముక్కలనీ విడదీసి ఒక్కోటి ఎంతుందో చూపే మెషీన్) దొరికితే వదలకండి. అందులో వచ్చే మందు పీక్ ఏరియాలతో ఎల్ఎన్ సీజీరో బై సీ (మొదట్లో ఉన్న మందుని అప్పటికి మిగిలినదాంతో భాగించి తీసిన లాగ్) వెర్సస్ టైమ్ గీస్తే గీత సూటిగా వస్తుంది, దాని స్లోపే ‘కే’ (రేట్ కాన్‌స్టంట్), 0.693ని దాంతో భాగిస్తే హాఫ్‌లైఫ్, అంటే మందు సగమయ్యే టైమ్. ఫ్లోరైడ్ ఎలక్ట్రోడ్ ఉంటే ఫ్లోరిన్ ఎంత ఊడిందో కూడా తెలుస్తుంది.

లాంప్‌ని అట్టపెట్టెలో మూసి వాడండి, యూవీ గాగుల్స్ పెట్టుకోండి. ఒక్కసారే కదా అని తొంగి చూస్తే రాత్రికి కళ్ళలో ఇసుక పోసినట్టుంటుంది. మిగిలింది సింక్‌లో పోయకుండా లేబుల్ వేసి వేస్ట్ క్యాన్‌లో పోయండి, రంగు లేదని నీళ్ళనుకుంటారు.