జీవాయుధ దాడి నుంచి టీకా రక్షణ – 3వ పాఠం: వ్యవధిని బేరీజు వేయడం

ఒకరి నుంచి మరొకరికి అంటుకునే రోగాలను, అంటుకోని రోగాలను వేరు చేయడం గత పాఠంలో నేర్చుకున్నాం. దాడి జరిగిపోయాక వేసే టీకా ఇంకా పనికివస్తుందా లేదా అని తేల్చుకోవడం ఈ పాఠం. అందుకు రెండు వ్యవధులను పక్కపక్కన రాసుకోవాలి: రోగకారకం సోకిన నాటి నుంచి లక్షణాలు బయటపడేందుకు పట్టే కాలం, టీకా వల్ల శరీరంలో రక్షణ ఏర్పడేందుకు పట్టే కాలం.

ముందుగా మశూచిని చూద్దాం. 1980లో ఈ రోగం ప్రపంచం నుంచి నిర్మూలమైందని ప్రకటించారు. ఆ తరువాత పుట్టినవారిలో అత్యధికులకు టీకా పడలేదు కనుకనే దీని గురించి ఇంత ఆందోళన. వైరస్ సోకాక సాధారణంగా 7 నుంచి 19 రోజులకు గానీ జ్వరం రాదు. ఈ వ్యవధే మనకు దొరికే అవకాశం. సోకిన 3 రోజుల లోపు టీకా వేస్తే రోగం రాకుండా ఆగవచ్చు, 4 నుంచి 7 రోజుల మధ్య వేసినా తీవ్రత కొంత తగ్గవచ్చు. అందుకే రోగితో మెలిగినవారిని, వారితో మెలిగినవారిని వెతికి పట్టుకుని టీకా వేయడం అంత ముఖ్యం.

పాత పద్ధతి టీకాలో రెండు మొనల సూదిని మందులో ముంచితే ఆ మొనల మధ్య ఒక్క చుక్క నిలుస్తుంది. దానితో భుజం మీద చిన్న వృత్తమంత చోట 15 సార్లు గుచ్చుతారు. వారం తిరిగేసరికి అక్కడ పొక్కు లేచిందో లేదో తప్పక చూడాలి. లేవకపోతే టీకా పట్టలేదన్నమాట, మళ్లీ వేయవలసి ఉంటుంది.

బాక్టీరియా వల్ల వచ్చే ఆంథ్రాక్స్ రోగం లెక్క వేరు. 2001లో అమెరికాలో ఉత్తరాల ద్వారా ఇది 22 మందికి సోకింది, ఐదుగురు మరణించారు. పీల్చిన స్పోర్లు (గట్టి పొరలో ముడుచుకుని ఉండే బాక్టీరియా నిద్రాణ రూపాలు) ఊపిరితిత్తుల్లో వారాల తరబడి నిద్రాణంగా ఉండి, ఎప్పుడో మేలుకోవచ్చు. యాంటీబయాటిక్ మేలుకున్న బాక్టీరియానే చంపగలదు, నిద్రాణ స్పోర్లను ఏమీ చేయలేదు. టీకా ఒక్కటే ఇస్తే రక్షణ ఆలస్యమవుతుంది, మందు ఒక్కటే ఇచ్చి ముందే ఆపితే ప్రమాదం మిగిలిపోతుంది. కనుక వెంటనే మందు మొదలుపెట్టి, టీకాను ఆ రోజు, 2 వారాలకు, 4 వారాలకు ఇస్తారు. మందును 60 రోజుల వరకు కొనసాగించవలసి రావచ్చు. టీకా ఉంది కదా అని మందును పక్కన పెట్టడం ప్రాణాంతకమని నా దృఢమైన అభిప్రాయం.

అభ్యాసం: బొటులినం విషం కలిసిన ఆహారం తిన్నవారిలో లక్షణాలు తరచుగా ఒకటి రెండు రోజుల్లోనే కనిపిస్తాయి. రెండు వ్యవధులనూ రాసి, ఇక్కడ టీకాకు సమయం చిక్కుతుందో లేదో కారణంతో సహా నిర్ణయించండి. విషాన్ని నేరుగా అడ్డుకునే యాంటీటాక్సిన్ గురించి 4వ పాఠంలో చూద్దాం.