అప్‌గ్రేడ్‌కి డబ్బు కట్టే ముందు

అమ్మానాన్నలు హైదరాబాద్ నుంచి దుబాయ్ మీదుగా అమెరికా వస్తుంటే, బిజినెస్ క్లాస్‌కి మార్చే ముందు ఇవి చూసుకోండి.

– చూపించే ధర ఏ సెక్టార్‌కి (ప్రయాణంలో ఏ విమానానికి)? దుబాయ్ దాకా సుమారు 4 గంటలే, ఎకానమీలో వెళ్లిపోవచ్చు. తర్వాతి 14–16 గంటలే మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి నరకం. డబ్బు అక్కడ పెట్టండి.

– ధర ఒక్కరికా, ఇద్దరికా? అమ్మ ముందు, నాన్న వెనక కూర్చునే పరిస్థితి రానివ్వకండి.

– టికెట్ మీద "ఆపరేటెడ్ బై" అని వేరే ఎయిర్‌లైన్స్ పేరుంటే (అంటే విమానం నడిపేది వాళ్లు), అప్‌గ్రేడ్ కుదురుతుందో లేదో ముందే ఫోన్ చేసి కనుక్కోండి. ఏజెంట్ దగ్గర కొన్నా అంతే.

– సీటు పూర్తిగా పడుకునేలా వాలుతుందా? అన్ని విమానాల్లో వాలదు.

– లగేజీ, లాంజ్, రీఫండ్: షరతుల్లో చదవండి. బిడ్ వేసి (ఇంత ఇస్తామని మనమే ధర చెప్పి) తీసుకునే అప్‌గ్రేడ్‌లో చాలాసార్లు లగేజీ పెరగదు.

– కట్టాక వీల్‌చైర్, వెజ్ భోజనం రిక్వెస్టులు అలాగే ఉన్నాయో లేదో మళ్లీ చూడండి.