ఎయిర్ రైఫిల్ స్కోపు: గురి నిలవకపోతే లోపం ఎక్కడుంది?

స్కోపు కొనబోయేవారు ముందుగా అడిగేది, అది ఎన్ని రెట్లు పెద్దగా చూపిస్తుందని. 10 నుంచి 25 మీటర్లలో కాగితం టార్గెట్‌ను కొట్టేవారికి అది చివరి ప్రశ్న కావాలి. ఉన్న స్కోపు ఎక్కడ ఇబ్బంది పెడుతోందో చూస్తే ఏది కొనాలో, అసలు కొనాలో లేదో తేలిపోతుంది. ఏ పరీక్షకైనా ముందు రైఫిల్ ఖాళీగా ఉందో లేదో చూసుకోండి.

టార్గెట్ మసకగా ఉంది, తల కదిపితే క్రాస్‌హెయిర్ జరుగుతోంది

ఇది పారలాక్స్ దోషం: స్కోపులో గురికి వాడే అడ్డునిలువు గీతలు (క్రాస్‌హెయిర్), టార్గెట్ బొమ్మ ఒకే దూరంలో కుదరకపోవడం. పెద్ద తుపాకుల కోసం చేసిన స్కోపులు చాలావరకు 100 గజాల దూరానికి సరిచేసి ఉంటాయి. 10 మీటర్లలో వాటికి స్పష్టత రాదు. దూరాన్ని సరిచేసే రింగు ఉండి, 10 గజాల దాకా దిగే స్కోపు కావాలి. బడ్జెట్ ఎంత చిన్నదైనా ఈ ఒక్క సదుపాయాన్ని మాత్రం వదులుకోకండి. అంతవరకు చెంపను ప్రతిసారీ ఒకేచోట ఆనించి, కన్ను స్కోపు మధ్యగీతలో ఉండేలా చూసుకుంటే దోషం బాగా తగ్గుతుంది.

నిన్న కుదిరిన గురి ఈరోజు తప్పుతోంది

స్ప్రింగ్ రైఫిల్‌లో పిస్టన్ ముందుకు దూసుకెళ్లేటప్పుడు తుపాకి వెనక్కి, పిస్టన్ ఆగినప్పుడు ముందుకు కుదుపుతుంది. మామూలు స్కోపులు ఈ రెండోదాన్ని తట్టుకునేలా తయారు కావు. అయినా ముందుగా అనుమానించాల్సింది మౌంటునే, అంటే స్కోపును రైఫిల్‌కు బిగించే పట్టునే. మౌంటు రింగు పక్కన రైలుపై (రైఫిల్ మీద మౌంటు బిగించే గాడిపట్టీపై) పెన్సిల్‌తో గీత గీసి, ఇరవై పెల్లెట్లు కాల్చి చూడండి. గీత నుంచి రింగు జరిగితే, జారకుండా ఆపే పిన్ను ఉన్న ఒంటి ముక్క మౌంటు వేయండి. రైలు 11 మిల్లీమీటర్లదా, స్కోపు గొట్టం 25.4దా 30దా అన్నది కొలిచాకే కొనండి.

రింగు జరగలేదా? స్కోపు తీసేసి రైఫిల్‌పై ఉండే మామూలు సైట్లతో గురి చూసి కాల్చండి. అప్పుడూ పెల్లెట్లు చెదిరిపోతుంటే రైఫిల్ చెక్క భాగాన్ని పట్టి ఉంచే మరలు (స్క్రూలు) బిగించండి, పెల్లెట్ రకం మార్చి చూడండి. సైట్లతో బాగా పడుతుంటే మాత్రం స్కోపు లోపలే దెబ్బతింది. స్ప్రింగ్ రైఫిళ్ల కోసమే తయారైనది కొనక తప్పదు. ముందే గాలి నింపుకొనే పీసీపీ రైఫిల్‌కు ఈ కుదుపు బాధ లేదు కాబట్టి అంత గట్టి స్కోపు అక్కరలేదు.

నాబు తిప్పినా మార్పు కనిపించడం లేదు

పావు ఎంఓఏ (ఎంఓఏ అంటే డిగ్రీలో అరవయ్యో వంతు కోణం) స్కోపులో నాబు తిప్పినప్పుడు ఒక్క క్లిక్కు గురిని 10 మీటర్ల దూరంలో దాదాపు 0.7 మిల్లీమీటర్లే జరుపుతుంది. పెల్లెట్ వ్యాసమే 4.5 మిల్లీమీటర్లు. పది క్లిక్కులు తిప్పి చూడండి.

సాయంత్రం చీకటిగా కనిపిస్తోంది

ముందు అద్దం 40 మిల్లీమీటర్లున్న స్కోపును 16 రెట్లలో పెడితే కంటికి చేరే కాంతి వలయం వెడల్పు 2.5 మిల్లీమీటర్లే. 4 రెట్లకు తగ్గిస్తే 10 అవుతుంది.

పోటీలో స్కోపును ఒప్పుకోవడం లేదు

ఒలింపిక్ తరహా 10 మీటర్ల పోటీలో పెద్దగా చూపే స్కోపు నిషిద్ధం, చిన్న రంధ్రంలోంచి గురి చూసే పీప్ సైట్‌తోనే కాల్చాలి. హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్‌లో కాంస్యం గెలిచిన పోటీ ఇదే. అక్కడ పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరే. పిల్లల్ని ఆ దారిలో పంపాలనుకుంటే స్కోపుకు దాచిన డబ్బును మంచి పీప్ సైట్‌కు, శిక్షణకు ఖర్చు పెట్టండి.