పాత స్కాట్స్ పత్రాల్లోని ఇంటికప్పు మాటలను చదవడం ఎలా?

స్కాట్లండ్ రాజుల కోటలకు, భవనాలకు 1529 నుంచి 1649 వరకు అయిన ఖర్చుల లెక్కలు రెండు సంపుటాలుగా అచ్చయ్యాయి. భాష చాలావరకు స్కాట్స్, ఇంగ్లీషుకు దగ్గరి బంధువు. ఇంగ్లీషు తెలిసినవారు ధైర్యంగానే మొదలుపెడతారు, వడ్రంగి పని దగ్గరికి రాగానే చిక్కుకుంటారు. నిఘంటువు తర్వాత చూడవచ్చు. ముందు కాగితం, పెన్సిలు తీసుకోండి.

1. కప్పు అడ్డుకోత బొమ్మ గీసి, కింది నుంచి పైకి పేర్లు రాయండి.

గోడ పైఅంచు ‘వా హీడ్’. అక్కడి నుంచి ఏటవాలుగా లేచి కొప్పు దగ్గర కలిసే రెండు వాసాలు కలిపి ఒక ‘కపుల్’. ఆ రెండింటినీ పట్టి ఉంచే అడ్డుకర్ర ‘బాక్’. కపుళ్ల మీదుగా, గోడకు సమాంతరంగా ఇంటి పొడవునా సాగే దుంగ ‘పాన్’. పాన్ల మీద మళ్లీ ఏటవాలుగా పరిచే సన్నని కర్రలు ‘కేబర్లు’. స్కాట్లండ్ ఆటల పోటీల్లో బలశాలులు విసిరే దుంగ పేరూ ఇదే, కానీ కప్పు మీదిది అంత లావుండదు. ఆపైన గడ్డి వేళ్లతో సహా కోసిన మట్టిపెళ్లలు, ‘డివట్లు’. వాటి మీద ‘థాక్’, అంటే గడ్డి కప్పు. ఇంటి కొప్పు ‘రిగ్గింగ్’.

ఇది పల్లె ఇంటి లెక్క. కోటల్లోనూ కలవారి ఇళ్లలోనూ కపుళ్ల మీద నేరుగా చెక్కలు పరిచి మేకులు కొట్టేవారు. ఆ చెక్కల పరుపే ‘సార్కింగ్’. ‘సార్క్’ అంటే చొక్కా, కప్పుకు తొడిగిన చొక్కా అన్నమాట. పలకరాళ్లను ఆ చెక్కలకే మేకులతో బిగిస్తారు. ఇంగ్లండులో పలకరాళ్లను సాధారణంగా సన్నని కర్రబద్దలకు బిగిస్తారు, స్కాట్లండులో ఇప్పటికీ చెక్కల పద్ధతి ఉంది. కాబట్టి లెక్కలో సార్కింగ్ కనిపిస్తే, ముందుగా పలకరాతి కప్పునే ఊహించండి.

2. పైకి చదవండి.

రాత ఒక పద్ధతిలో ఉండదు. యు, వి, డబ్ల్యు ఒకదాని చోట ఒకటి వస్తాయి. ‘క్యు-యు-హెచ్’ అని మొదలైతే డబ్ల్యు-హెచ్ అనుకోండి. బహువచనం తరచుగా ‘ఇస్’తో ముగుస్తుంది: ‘బుర్డిస్’ అంటే చెక్కలు. కంటికి చిక్కని మాట చాలాసార్లు చెవికి చిక్కుతుంది.

3. అంకెలను అనుమానించండి.

తిన్న ఇంటి వాసాలు లెక్కపెట్టడం మనకు తిట్టు, ఇక్కడ మాత్రం అదే పని. కపుల్ అంటే జత, కనుక పది కపుళ్లకు ఇరవై వాసాలు. ఇంటి పరిమాణాన్ని కూడా ఇన్ని కపుళ్లని చెప్పేవారు. స్కాట్లండ్ ఉత్తరాది కొండసీమ హైలాండ్స్‌లో చాలాచోట్ల కప్పు కలప కౌలుదారు సొత్తు, ఇల్లు మారితే వెంట తీసుకుపోయేవాడు. అందుకే కపుళ్ల లెక్కకు అంత విలువ. మరో ఉచ్చు: చెక్కలు, మేకుల విషయంలో ‘వంద’ అంటే చాలాసార్లు 120. ఒక్కోదాని ధర ఇచ్చి ఉంటే, మొత్తాన్ని దానితో భాగించి చూడండి.

4. తేదీని బట్టి నిఘంటువు ఎంచుకోండి.

1700 వరకు ‘డిక్షనరీ ఆఫ్ ది ఓల్డర్ స్కాటిష్ టంగ్’, ఆ తర్వాతి కాలానికి ‘స్కాటిష్ నేషనల్ డిక్షనరీ’. రెండూ ‘డిక్షనరీస్ ఆఫ్ ది స్కాట్స్ లాంగ్వేజ్’ అనే ఒకే వెబ్‌సైటులో ఉచితంగా దొరుకుతాయి. పత్రం దేని గురించో కూడా గమనించండి. పొలం దస్తావేజులో ‘బాక్’ దున్నకుండా వదిలిన గట్టు. ఇక ‘ఈస్ట్‌లాండ్ బుర్డిస్’ అంటే బాల్టిక్ తీరాల నుంచి ఓడల్లో వచ్చిన చెక్కలు, ఎస్టోనియాతో ముడిపెట్టకండి.

5. నిలిచి ఉన్న కప్పుతో పోల్చండి.

స్టర్లింగ్ కోట మహాసభామందిరం కప్పు అందమైనదే, కానీ 1999లో ముగిసిన పునరుద్ధరణలో కొత్తగా కట్టినది. పాత పనితనానికి దాన్ని సాక్ష్యంగా తీసుకోలేం. డార్నవే కోటలోని ఓక్ కప్పు మేలు: చెట్టు వలయాలను బట్టి ఆ కలప 1387 నాటిదని తేలింది.